బుల్లెమ్మ పెద్దమ్మ నీలం పళ్ళెం

నడికుడి స్టేషన్ దగ్గర ఇడ్లీలు వేసే మా బుల్లెమ్మ పెద్దమ్మకి నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆవిడ దగ్గర ఒక పింగాణీ పళ్ళెం ఉంది. తెల్లటి పళ్ళెం మీద నీలం బొమ్మలు: ఒక వంతెన, దాని మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పిట్టలు, అంచు చుట్టూ లత. ఇంగ్లండులో చేసింది. మిషన్ బంగళాలో వంట చేసిన వాళ్ళ నాయనమ్మకి దొరసాని వెళ్ళిపోతూ ఇచ్చిందట. బీరువాలో దాచుకోమని ఎంతమంది చెప్పినా పెద్దమ్మ వినదు.

"పళ్ళెం ఉంది పెట్టడానికే గదా!" అంటుంది.

క్రిస్మస్‌కి అందులో అరిసెలు, జంతికలు పెట్టి పక్కింటి అంజమ్మకి పంపింది. మా వైపు ఇరుగుపొరుగు గిన్నెని ఖాళీగా తిప్పి పంపరు, ఏదో ఒకటి పెట్టి ఇస్తారు. అందుకే పెద్దమ్మ పళ్ళెం అడగలేదు. అడిగితే మాకూ పెట్టండి అన్నట్టుంటుంది. కొత్త సంవత్సరం వచ్చింది కానీ పళ్ళెం రాలేదు. పైగా పెద్దమ్మ ఎదురుపడితే అంజమ్మ పక్క సందులోకి తిరిగిపోతోంది.

"పళ్ళెం పోతే పోయింది. నా మోకాలి ఆపరేషనప్పుడు నెలంతా క్యారేజీ మోసిన మనిషే అది. నేనేం చేశాననే, మొహం చాటేస్తంది?" అని నా దగ్గర కళ్ళు ఒత్తుకుంది. ఆ రోజు ఇడ్లీ పిండిలో ఉప్పు మర్చిపోయింది. తిన్నవాళ్ళు పాపం చట్నీ రెండోసారి వేయించుకున్నారు.

చివరికి ఒక శనివారం సాయంత్రం అంజమ్మే వచ్చింది. ఒక చేతిలో నీలం పళ్ళెం నిండా బొబ్బట్లు, ఇంకో చేతిలో కొత్త పూల పళ్ళెం.

"అక్కా, తోముతుంటే నా చేతిలో చిట్లింది. ఇట్టాంటిది దొరుకుద్దేమోనని నరసరావుపేట, గుంటూరు అంతా తిరిగా. దొరకలా. బదులుగా ఈ పూలది తెచ్చా. నీ మొహం ఎట్టా చూడను?" అని ఏడ్చేసింది.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. అంచు మీద ఒకచోట లత తెగిపోయి, ఇవతలి కాడ అవతలి ఆకుని కలవలేదు. అక్కడ గోరుతో గీకి, పకపకా నవ్వింది.

"ఓసి పిచ్చి మొహమా! ఇది పగులు కాదే, అతుకు. కాగితం మీద బొమ్మ అచ్చేసి పళ్ళేనికి అంటిస్తారంట. ఆ కాగితం చివర్లు కలవని చోటిది. నేను పుట్టకముందు నుంచీ ఉంది!"

అంజమ్మ ఏడుస్తూనే నవ్వింది. పూల పళ్ళెం పట్టుకుని లేవబోతే పెద్దమ్మ లాక్కుని, ఖాళీది ఎట్టా పంపుతానంటూ వేడి ఇడ్లీలు పెట్టి ఇచ్చింది.

మర్నాడు చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒకరు ఉద్యోగం వచ్చిందని, ఒకరు జ్వరం తగ్గిందని స్తోత్రాలు చెప్పారు. పెద్దమ్మ కుంటుకుంటూ వెళ్ళి మైకు పట్టుకుంది.

"పళ్ళెం వచ్చిందని కాదు ప్రభువా. మా అంజమ్మకి నా మీద కోపం లేదంట. స్తోత్రం."