మంగ్లి జూబిలీ బిళ్ళ

బూర్గంపాడులో చెంచురామయ్య ఎవరంటే తెల్లమొహం వేస్తారు. బిళ్ళల రామయ్య అంటే మాత్రం చంటిపిల్లాడైనా ఇల్లు చూపిస్తాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. తోటివాళ్లు పొలమో ప్లాటో కొనుక్కుంటే ఈయనగారు రాజుల జూబిలీ బిళ్ళలు పోగేశాడు. సర్కారు పతకాలు కావండోయ్! రాజుగారి పట్టానికి ఇన్నేళ్లు నిండాయని షావుకార్లూ కాంట్రాక్టర్లూ మెప్పు కోసం కొట్టించి, బడిపిల్లలకూ కూలీలకూ పంచిన ఇత్తడి ముక్కలు. ఆ కాలంలో గోదారికి ఇవతల నిజాం, అవతల ఇంగ్లీషు దొర. ఇటు చార్మినారు బిళ్ళలు, అటు గడ్డం రాజు బిళ్ళలు. రెండూ రామయ్య బిస్కెట్ల డబ్బాలో సర్దుకుని కాపురం చేస్తుండేవి. "బువ్వ పెడతయా అవి?" అని భార్య సుశీలమ్మ దెప్పని పూట లేదు.

పినపాక దగ్గరి తండాలో ముసలి మంగ్లి మెడదండలో ఒక బిళ్ళ ఉంది. వాళ్లమ్మ చేత వెదురు కొట్టించిన కాంట్రాక్టరు నిజాం జూబిలీకి పంచింది. ఒకవైపు చార్మినారు, రెండోవైపు వెదురు మోపు. అలాంటిది రామయ్య ఇంకెక్కడా చూడలేదు. అమ్ముతావా అని ఎన్నిసార్లడిగినా మంగ్లి నవ్వి ఊరుకునేది. చివరికి ఫొటో తీసుకుని తెచ్చిస్తానని బతిమాలితే మెత్తబడింది.

"మాయమ్మ గుర్తు ఇదొక్కటే తమ్మీ. పోగొట్టకు."

"మల్ల నీ చేతులనే పెడత అక్కా. నా మీద ఒట్టు."

ఆమె పళ్లతో దారం కొరికి బిళ్ళ ఇచ్చింది. దండలో ఆ చోటు ఖాళీగానే ఉంచుకుంది. "నువ్వు తెచ్చెదాంక గిట్లనే ఉంటది," అంది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది. ఫొటో తీసుకున్న మర్నాడే రామయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ నోరూ పడిపోయాయి. బిళ్ళ చొక్కా జేబులో ఉండిపోయింది. ఎడమ చేత్తో జేబు తట్టి చూపిస్తే, గుండెనొప్పేమోనని సుశీలమ్మ ఛాతీకి నూనె రాసింది. చొక్కా విప్పినప్పుడు బిళ్ళ ఆమె కంటబడింది. డబ్బాలో పెట్టకుండా గుండెల మీద పెట్టుకున్నాడంటే ఇదే ఈయన ప్రాణం కాబోలు అనుకుంది. పాపం, ఇంకేమనుకుంటుంది!

కొన్నాళ్లకు భద్రాచలం దవాఖానాకు బస్సెక్కారు. వంతెన మీదికి రాగానే జనం కిటికీల్లోంచి గోదారికి చిల్లర వేసి దండాలు పెడుతున్నారు. సుశీలమ్మ కొంగుముడి విప్పింది. ముడిలోంచి చార్మినారు కనబడింది. రామయ్య ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టి లాగాడు.

"ఆగయ్యా, మొక్కుకోనీ," అని ఆమె ఆ చేతిని తీసి ఒళ్లో పెట్టుకుంది. "గోదారి తల్లీ, గీయనకు పానమసుంటిది నీకిస్తున్న. గీయన మాట గీయనకియ్యి."

బిళ్ళ నీళ్లలోకి వెళ్లిపోయింది. "ఆఆ!" అని రామయ్య గొంతు చించుకుని అరిచాడు. నోరు పడిపోయాక వచ్చిన మొదటి శబ్దం అది.

"పలికిండు! తల్లి పలికించింది!" సుశీలమ్మ బావురుమంది. కండక్టరు కూడా గోదారికి దండం పెట్టాడు. రామయ్య వెక్కివెక్కి ఏడుస్తుంటే, సంతోషమొచ్చి ఏడుస్తున్నాడని బస్సంతా మురిసిపోయింది. ఎంత ఘోరమండీ, వాళ్లలో ఎవరిని తిట్టగలడు ఆయన?

కబురు తండాదాకా పాకింది. మంగ్లి చూడ్డానికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"మాటొచ్చిందంట గద తమ్మీ! సల్లగుండు. నా బిళ్ళకేం తొందర లేదు. లేచి నడిచినంక నువ్వే తేవాలె."

"ఏ బిళ్ళ?" అంది సుశీలమ్మ.

మంగ్లి దండలో ఖాళీ చోటు చూపించి, వెదురు మోపు బొమ్మ ఉంటుందని చెప్పింది. సుశీలమ్మ మొహం పాలిపోయింది. మొగుడి వైపు తిరిగింది. రామయ్య ఎలాగైనా చెప్పాలని నోరు తెరిచాడు. "ఆఆ" అనే వచ్చింది.

"సూసినవా, మల్ల పలికిండు!" అని మంగ్లి సంబరపడింది.