ఉతకని చొక్కా

మా లాండ్రీలో ఆమెను అందరం మరకలక్క అంటాం. సిరా, నూనె, తుప్పు, ఏదైనా సరే, ఆమె చేతిలో పడితే ఆనవాలు కూడా మిగలదు. ఆ పనితనమే చివరికి ఆమె కొంప ముంచింది.

ఆమెతో కలిసి ఉన్నవాడు లిఫ్టు మెకానిక్. అరిగిపోయిన తీగ మార్చమని కంపెనీకి రెండుసార్లు రాసిచ్చాడు. మార్చలేదు. ఆ తీగే తెగి, లిఫ్టు కూలి చనిపోయాడు. అప్పటికి అక్కకు ఏడో నెల. పెళ్లి రిజిస్టరు చేయించుకుందామని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నారు గానీ సెలవు దొరకలేదట.

పాప పుట్టాక కంపెనీ మీద దావా వేసింది. బిడ్డ అతనిదేనని రుజువేమిటన్నారు కంపెనీవాళ్లు. పుట్టిన సర్టిఫికెట్‌లో తండ్రి గడి ఖాళీ. అది నింపాలంటే తండ్రే వచ్చి సంతకం పెట్టాలట. చచ్చినవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? తండ్రెవరో తేలకపోతే దావాలో పాపకు చోటే లేదు.

"ఆయన వాడిన దువ్వెనో, ఉతకని బట్టో ఏదైనా తీసుకురామ్మా. డీఎన్ఏ పరీక్ష చేయిద్దాం" అన్నాడు అక్క లాయరు.

అక్క దగ్గర అలాంటిది ఒక్కటీ మిగల్లేదు. అతను పోయిన మూడో రోజే చొక్కాలు, దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ వేడినీళ్లలో ఉతికి, ఇస్త్రీ చేసి మడతపెట్టేసింది. దువ్వెన కూడా సోడాలో నానబెట్టింది. దుఃఖమొస్తే కొందరు ఏడుస్తారు, ఈమె ఉతుకుతుంది.

"మా ఆయన్ని నా చేతులతో నేనే తుడిచేశాను" అని ఇస్త్రీ బల్లకు తల కొట్టుకుంది. ఆమె మీద, లాయరు మీద, చట్టం మీద నాకు ఒకేసారి ఒళ్లు మండింది.

ఇక మిగిలింది అతని తల్లి. ఆవిడ రక్తంతోనూ తేలుతుందన్నాడు లాయరు. కానీ ఆవిడ ఈమెను ఏనాడూ గడప తొక్కనివ్వలేదు. పాపనెత్తుకుని వెళ్తే, తోడొచ్చిన నన్ను కూడా అరగంట గుమ్మంలోనే నిలబెట్టింది. అంతా విని లోపలికెళ్లి, కవర్లో చుట్టిన చొక్కా ఒకటి తెచ్చింది. కాలరు నిండా చెమట చారలు.

"ఉతకలేదు. ఉతికితే వాడి వాసన పోతుంది" అంది.

అక్క ఆశగా చెయ్యి చాచింది. పెద్దావిడ చొక్కాను గుండెకు హత్తుకుంది.

"ఇది ఇవ్వను. పరీక్షంటూ కత్తిరిస్తారు. నా రక్తం సరిపోతుందన్నావుగా?"

"సరిపోతుందండీ. నాన్నమ్మ రక్తమైతే చాలట."

ఆవిడ చొక్కా లోపల పెట్టి, చెప్పులేసుకుని, పాపను అందుకుంది. మెట్లు దిగుతుంటే పాప ఆవిడ భుజం మీద పాలు కక్కింది. అక్క అలవాటుగా తడిగుడ్డ తీసింది.

"తుడవకు, ఉండనీ" అంది పెద్దావిడ.