కలిసిపోయిన టకారం

కామాటిపురా పదకొండో గల్లీలో దుర్గయ్యను అందరూ ఇంగ్లీషు మిస్త్రీ అంటారు. తాతముత్తాతలు ఈ ఊళ్ళో రాళ్ళు మోసి గోడలు కట్టినవాళ్ళు. ఆయన పాతబడ్డ బంగళాలకు సున్నం పని చేస్తాడు. మునిసిపాలిటీ బడిలో ఇంగ్లీషును ఒక్కో మాటా విడగొట్టి నేర్చుకున్నాడు, అలాగే మాట్లాడతాడు. పైవాళ్ళకూ పాలమూరు కూలీలకూ మధ్య ఆయనే నోరు.

కిందటేడు మలబార్ హిల్ మీద ఒక బంగళా బాగుచేసే పనికి పోయాడు. ఆ పని చూసే ఆర్కిటెక్టు మేడమ్ అమెరికా ఆవిడ, గబగబా మాట్లాడే మనిషి. ఒకనాడు పొద్దున హాల్లో నిలబడి, కప్పు నడుమ సున్నంతో తీర్చిన పువ్వు కేసి చేయి చూపి, ‘యు క్యాన్టచ్ దట్ వన్’ అంది. అంతలో ఫోను మోగితే బయటికి వెళ్ళింది. పువ్వు రేకులకు పగుళ్ళున్నాయి. ముట్టుకోవచ్చు, అంటే బాగుచేయమంటోంది కాబోలు అనుకున్నాడు దుర్గయ్య. కూలీ లచ్చయ్యను పరంజా ఎక్కించి, మధ్యాహ్నానికల్లా పువ్వు మొత్తం చెక్కి తీయించేశాడు, కొత్తది పోద్దామని.

మేడమ్ తిరిగొచ్చి పైకి చూసింది. అరవలేదు. నేల మీది ముక్కల్లో ఒకటి ఏరుకుని, వద్దన్నాను కదా అని మెల్లగా అడిగింది. ముట్టుకోవచ్చన్నారని దుర్గయ్య చెప్పాడు. ఆవిడ అదే మాట మళ్ళీ పలికింది. ఈసారీ ఆయనకు పొద్దున వినపడ్డట్టే వినపడింది.

ఇంటికొచ్చి కూతురు దర్శనకు చెప్పాడు. బయటంతా మరాఠీయే మాట్లాడే పిల్ల, తండ్రితోనే తెలుగు.

“ఆమె అన్నది ‘క్యాంట్’ బాపు, ముట్టొద్దని. వెనకొచ్చే ‘టచ్’ల గూడ ‘ట’నే ఉంది. రెండు కలిసి ఒక్కటైపొయినయ్.”

“రెండు మాటలుంటే రెండూ వినపడాలె గద.”

“నువ్వు ‘ఏమి చేస్తున్నవ్’ అంటవా? ‘ఏంజేస్తున్నవ్’ అనే అంటవు. చిన్నప్పుడు నాకు అది ఒక్కటే మాట అనిపిస్తుండె.”

దుర్గయ్య అన్నం ముందు కూర్చుని ఆ ఇంగ్లీషు మాటను నోట్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. గబగబా అంటే తన నాలుక కూడా ఒక ‘ట’ను మింగేస్తోంది.

మర్నాడు వెళ్ళి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అందులో తన పాలూ ఉందని మేడమ్ అంది. ముక్కలు అతికించడం కుదరలేదు. అలాంటిదే కొత్తగా పోస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు; పాతదానికి అది సాటి రాదంది. కప్పును నున్నగా మెత్తించి వదిలేశారు. బంగళావాళ్ళు తర్వాతి పనికి వేరే మిస్త్రీని పిలిచారు. గల్లీలో ఈ సంగతి దుర్గయ్యే చెప్పాడు. కొన్నాళ్ళు ఇంగ్లీషు మిస్త్రీ అన్న పిలుపులో కాస్త నవ్వు కలిసింది.

ఇప్పుడు నాగ్‌పాడాలో ఒక పాత మేడ పని చేస్తున్నాడు. ఇంజనీరు ఇంగ్లీషులో ఏది చెప్పినా, “కర్నేకా, యా నహీ కర్నేకా?” అని, చెయ్యాలో వద్దో తేల్చమని హిందీలో అడుగుతాడు. కుర్ర ఇంజనీర్లు విసుక్కుంటారు. జవాబు వచ్చేదాకా ఆయన ఎవరినీ సుత్తి ఎత్తనివ్వడు.