మేక్రోను పైకి చదివిన రోజు

మా ముత్తాత వెంకటపతిరాజు గారు సబ్బవరం పక్కన మూడూళ్ళకు మునసబు. తాతగారు రామభద్రరాజు గారు అరుగు మీద కూర్చుంటే దారినపోయేవారు గొడుగు ముడిచి నడిచేవారు. వారి వారసుణ్ణైన నేను గాజువాకలో దస్తావేజులు రాసి బతుకుతున్నాను. ఈ ఉదయం ప్రింటరులోంచి వేడి కాగితం వాసన తగలగానే గుర్తొచ్చింది మాత్రం వారెవరూ కాదు, ఈ పని నేర్పిన పైడమ్మ గారు. ఆఫీసు ఆవిడదే. చేరిన కొత్తలో, "రాజుబాబూ, ఆ నడుం కాస్త వంచితే కీబోర్డు కనబడతాది" అనేవారు.

ఆ రోజుల్లోనే నాన్నగారు మా జీడితోట అమ్మడానికి ఆ ఆఫీసుకే వచ్చారు. తోట, ఇల్లు ఒకే సర్వే నంబరులో ఉన్నాయి. ఇల్లు మాత్రం ఇవ్వనన్నది ఆయన పట్టుదల. కొనేవారు ఎదురుగా కూర్చున్నారు. ఆటోనగర్ మిత్రుడొకడు మెయిల్లో పంపిన మేక్రో నా దగ్గరుంది. పేర్లు, నంబర్లు ఇస్తే ఇంగ్లీషు దస్తావేజు మొత్తం అదే నింపేస్తుంది. మా తోట వివరాలు నా వేళ్ళతో కొట్టే బాధ తప్పుతుందనుకున్నాను. ఫైలు తెరిస్తే, మేక్రోలు ఆపేశామంటూ వర్డ్‌లో ఎర్రపట్టీ వచ్చింది. ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి అన్‌బ్లాక్ దగ్గర టిక్కు పెట్టబోయాను.

"ఏటి సేత్తన్నావ్?" అన్నారు పైడమ్మ గారు వెనకనుంచి.

"నడవడం లేదండి. టిక్కు పెడితే నడుస్తుంది."

"ఎవులో రాసింది. లోపలేటుందో సూసావా?"

"అచ్చయ్యాక ఎలాగూ చదువుతాం కదండీ."

"స్టాంపు కాయితం మీద పడిపోయాక సదివితే ఏటి లాబం? దస్తావేజు పార్టీకి సదివి ఇనిపిత్తాం కదా, దాన్ని రాసేదాన్ని ఇనిపించక్కర్లేదేటి? సదువు. మీ నాన్నగారు ఇనాల."

మునసబు గారి మునిమనవడు తన తోట అమ్మకాన్ని పరాయివాళ్ళ ఎదుట పైకి చదవడమా అని ముఖం బిగుసుకుంది. అయినా మేక్రో కోడు తెరిచి, అది రాయబోయే ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెబుతూ పోయాను. "చెట్లు, బావి, అందులోని కట్టడాలన్నిటితో సహా..."

నాన్నగారు చెయ్యెత్తారు. "ఇల్లు మనం ఇవ్వడం లేదు కదరా?"

పైడమ్మ గారు ఆ ముక్క నాచేతనే తీయించి, ఇల్లు విడిచి తోట హద్దులు రాయించి, మళ్ళీ మొదటినుంచి చదివించారు. ఆ తర్వాతే టిక్కు పెట్టనిచ్చారు. మేక్రో నడిచింది.

ఆవిడ ఇప్పుడు లేరు. ఎవరు పంపిన మేక్రో అయినా, అమ్మేవారిని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివాకే నడవనిస్తాను. చదివేటప్పుడు గొంతు తగ్గించను.

ఆ రోజు జీడితోట అమ్మాం. నాన్నగారు పోయాక ఇల్లు కూడా అమ్మేశాం.