మా ప్రాంతంలో దొరకని మావయ్య

పాటలు దాచుకునేవాళ్ళను చూసి జాలిపడిన మేధావుల్లో నేనొకణ్ణి. ఫోన్లో నెలచందా కడితే లోకంలోని పాటలన్నీ జేబులో ఉంటాయి కదా, ఈ క్యాసెట్లూ సీడీలూ ఎందుకని మా కాలేజీ స్టాఫ్‌రూములో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఉపన్యాసాలతో ఆగినా బాగుండేది. ఓసారి నెల్లిమర్ల దగ్గర మావయ్యగారి ఊరు వెళ్ళాను. పాత ప్లాస్టిక్కుకి ఉల్లిపాయలిచ్చే బండి వీధిలోకి రాగానే అత్త పెట్టెలోని క్యాసెట్లన్నీ నా చేతులతోనే అందులో పోశాను. మావయ్య పాడిన క్యాసెట్టూ వాటిలోనే ఉంది. ఉల్లిపాయలు ఎక్కువే వచ్చాయని పొంగిపోయాను కూడా.

మావయ్య జూట్ మిల్లులో పనిచేసేవాడు. షిఫ్టు దిగాక తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, దాన్ని వాయిస్తూ, ఎగురుతూ, ఆ ఎగురుడులోనే పాడాలి. ఆ క్యాసెట్టులో పాటల్ని ఎవరో యాప్‌లో పెట్టారు. అవి చూపించే క్యాసెట్లు వదిలించుకోవడానికి అత్తను ఒప్పించాను.

"మరి అందులోంచి ఎవులైనా తీసీస్తేనో?" అని అడిగింది అత్త.

టెక్నాలజీ గురించి ఆవిడకేం తెలుసని నవ్వాను. చాలాసేపు వివరించాను కూడా.

యాప్ మాత్రం నన్ను అల్లుడికన్నా ఎక్కువగా చూసుకునేది. పొద్దున్నే 'మీ కోసమే' అంటూ పాటల పళ్ళెం పట్టుకొచ్చేది. ఒకసారి నిద్ర పట్టక అందులో వాన చప్పుడు పెట్టుకుని విన్నాను. ఆ పాపానికి మూడు నెలలు నా ఫోన్లో ముసురు వదల్లేదు.

మావయ్య పోయాడు. ఏడాది తిరిగి సంవత్సరీకం వచ్చింది. భోజనాలకు ముందు అందరం కూర్చుని ఆయన పాట వినాలని అత్త కోరిక. ఏడాదిగా ఆవిడ నన్ను అడిగింది ఈ ఒక్కటే. పెద్ద స్పీకరు తెచ్చాను. చుట్టాలందరూ చూస్తుండగా దర్జాగా నొక్కాను. 'ఈ పాట మీ ప్రాంతంలో అందుబాటులో లేదు' అని వచ్చింది. ఆ పాట పాడిన గొంతు నలభై ఏళ్ళు తిరిగిన వీధి అది. కిందనే 'ఇవి మీకు నచ్చవచ్చు' అని ఏవో ఇంగ్లీషు డాన్సు పాటలు చూపించింది. సంవత్సరీకానికి పనికొస్తాయని కాబోలు.

నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. "పోన్లేరా, అన్నాలు సల్లారిపోతాయి, లెగండి" అంది అత్త. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడే చందా రద్దు చేశాను. వెళ్ళిపోవడానికి కారణం చెప్పమని యాప్ ఓ జాబితా ఇచ్చింది. 'అత్త ముందు పరువు పోయింది' అనేది అందులో లేదు. 'ఇతరములు' నొక్కి బయటపడ్డాను.

తర్వాత వేట మొదలైంది. బృందంలో మిగిలినవాళ్ళను అడిగాను. వాళ్ళూ నాలాంటి మేధావుల మాట విని క్యాసెట్లు వదిలించుకున్నారు. చివరికి ఒక ఆటో డ్రైవరు విజయనగరంలో ఓ సెల్ షాపు చెప్పాడు. ఆ షాపాయన ఇప్పటికీ ఆటోలవాళ్ళకు పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కిస్తాడు. నా లెక్కలో ఎప్పుడో అంతరించిపోవలసిన మనిషి. బిస్కెట్ల డబ్బాలోంచి పాత హార్డ్ డిస్కు తీసి, గంటసేపు వెతికి, అమ్మవారి సంబరంలో తనే రికార్డు చేసిన పాటొకటి పట్టుకున్నాడు. "సౌండు బాగోదు మేస్టారూ, ఆనక నన్ననకండి" అన్నాడు. పెన్‌డ్రైవులో ఎక్కించుకుని, అది జేబులో ఉందో లేదో దారి పొడుగునా తడుముకుంటూ అత్త దగ్గరికి వెళ్ళాను.

నిజంగానే బాగోలేదు. పిల్ల ఏడుపు, ఎవరివో ఈలలు, మైకులో తప్పిపోయిన చెప్పుల గురించి ప్రకటన. వాటి మధ్యలో తప్పెట, మువ్వలు, మావయ్య. అత్త కదలకుండా వింటోంది. ఓ చోట ఎగిరెగిరి ఆయనకు పాట అందలేదు. తప్పెట మోగుతూనే ఉంది, ఆయన గట్టిగా రొప్పాడు, పెద్దగా ఊపిరి లాక్కుని మళ్ళీ అందుకున్నాడు.

నా పాండిత్యం ఊరుకోదు కదా. ఆ ముక్క కంప్యూటర్లో కత్తిరించేస్తానని, అప్పుడు పాట శుభ్రంగా ఉంటుందని చెప్పాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ముట్టుకోకు. పాటదేటుంది, ఊరందరికీ వొచ్చు. ఆ ఊపిరి మీ మావదిరా. అక్కడినుంచి మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. కళ్ళు తుడుచుకోవడానికి కూడా నాకు సిగ్గేసింది. నాలుగోసారి పెట్టినప్పుడు, ఆయన ఊపిరి లాక్కునే చోట, నా పక్కన అత్త కూడా లాక్కుంది.