లోపల ఎవరన్నా ఉన్నారా?

మాచర్లలో పొద్దున్నే బయలుదేరే రైలు మీద ఒట్టేసి చెబుతున్నా, ఇందులో ప్రతి అక్షరం నిజం.

మా వీధి బాబాయి సర్కారు పోర్టులో కాంట్రాక్టు గుమాస్తా. క్రేను ఎత్తబోయే ప్రతి ఖాళీ కంటైనర్‌నీ మూడుసార్లు తట్టి, "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని అడగనిదే కదలనిచ్చేవాడు కాదు. ఎప్పుడో వానకి ఒక కూలీ లోపల దూరి నిద్రపోయాడట. అప్పట్నుంచీ అదే అలవాటు.

పోర్టు పనులు ప్రైవేటు కంపెనీ చేతికొచ్చిన కొత్తలో మిర్చి లోడు వెంట నేనూ అక్కడికెళ్లాను. కొత్త మేనేజరు ఫోన్లో టైము చూసుకుంటూ బాబాయి వెనకాలే తిరుగుతున్నాడు.

"ఈ తట్టుడేంది పెద్దాయనా? కెమెరాలు పెట్టాం గదా. పెట్టెకి అర నిమిషం దండగ. ఇంకోసారి తట్టావంటే ఇంటికే."

"నీ కెమెరాకి గురక వినపడిద్దా అబ్బాయ్?" అంటూ బాబాయి పక్క పెట్టెని తట్టాడు.

లోపల్నుంచి టకటకా చప్పుడు! తలుపు తీస్తే, ఆ కెమెరాలు బిగించిన ఇంజనీరే! చేతిలో పులిహోర పొట్లం. మేనేజరు నోరు తెరిచాడు. "మీరున్నన్నాళ్లూ తట్టండి పెద్దాయనా" అన్నాడు.

ఒట్టేసిన రైలు ఈపాటికి నడికుడి దాటుంటుంది కాబట్టి ఒప్పుకుంటున్నా. ఆ చప్పుడు, ఇంజనీరు, పులిహోర నా కల్పన. ఆ పెట్టె ఖాళీదే. ఆ వారమే బాబాయిని ఇంటికి పంపేశారు.

ఇప్పుడు బస్టాండు దగ్గర బట్టల కొట్లో పని. షట్టర్ దించాక మూడుసార్లు తట్టి, అదే మాట అడుగుతాడు.

"ఇంకా ఏంది బాబాయ్ ఇది?"

"అడిగితే పొయ్యేదేముందిరా?"

ఉద్యోగం పోయింది గదా అని నేనింతవరకూ అనలేదు.