పానీకోట గోడ మీద మనిషి

దెయ్యాల కబుర్లు మొదలైతే మా కార్ఖానాలో అందరికంటే ముందు నవ్వేది నేనే. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. డయ్యూ దీవిలో చూసింది మాత్రం చూశాను.

మాది సిరిసిల్ల వైపు. సూరత్‌లోని లింబాయత్‌లో నాన్న, నేను ఒకే కార్ఖానాలో పక్కపక్కన మరమగ్గాలు నడిపేవాళ్ళం. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు నాన్న పోయాడు. ఆసుపత్రివాళ్ళు సంచిలో చుట్టి శ్మశానానికి పంపారు. దూరం నుంచే దండం పెట్టుకుని వచ్చాం.

అమ్మ ఒప్పుకోలేదు. "మొఖం సూపెట్టిండ్రా? సూపెట్టకుంట సచ్చిండంటే నేనెట్ల నమ్మాలె?" అంది. పుస్తెలు తియ్యనివ్వలేదు. రోజూ నాన్నకు కంచం పెట్టి, ఆయన వచ్చాక తింటానని గుమ్మంలో కూర్చునేది. చాలాసార్లు తినకుండానే పడుకునేది. దీపావళి నాటికి చిక్కి సగమైంది. అమ్మ కూడా దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది.

దీపావళి సెలవులకు మగ్గాలు ఆగగానే సగం సూరత్ డయ్యూకు ఎగబడుతుంది. మందు దొరకని రాష్ట్రం నుంచి జనం అక్కడికి ఎందుకు పోతారో వేరే చెప్పాలా! నాన్న చుక్క ముట్టడు. అక్కడి కోట చూడాలని ఏటా అనేవాడు, ఏటా వాయిదా వేసేవాడు. ఆ ముక్క చెప్పే అమ్మను బస్సెక్కించాను. "ఆయన గూడ అటే పోయిండేమో" అంటూ బయల్దేరింది.

గంగేశ్వర్ గుడి దగ్గర రాళ్ళ మధ్య ఐదు శివలింగాల మీదికి అలలు వచ్చి పోతున్నాయి. అమ్మ దండం పెట్టలేదు, మాస్కుల జనంలో నాన్నను వెతుకుతోంది. నైదా గుహలకు తీసుకెళ్ళాను. కోట కట్టడానికి పోర్చుగీసువాళ్ళు రాయి తవ్వుకున్న చోటని అక్కడెవరో చెప్పారు. వాటిలోనూ తొంగిచూసింది.

మధ్యాహ్నం కోట ఎక్కాం. పాత ఫిరంగులు ఇంకా సముద్రం వైపే గురిపెట్టి ఉన్నాయి. ఎదురుగా నీళ్ళ మధ్యలో చిన్న కోట, పానీకోట. ఒకప్పుడు అది జైలు. దాని గోడ మీద తెల్ల బనీనుతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముఖం ఆనవాలు పట్టలేనంత దూరం.

అతను నెత్తి మీద అరచెయ్యి రెండుసార్లు తట్టుకుని, నా వైపు చెయ్యి చూపించాడు.

ఆ సైగ నాకు తెలుసు. మగ్గాల రొదలో మాట వినపడదు, మాకు అన్నీ చేతి సైగలే. నాన్న చాయ్ తాగడానికి బయటికి పోతూ, తన మగ్గాలు చూసుకోమని నాకు చేసే సైగ అది. నెత్తి తట్టుకోవడం ఆయన ఒక్కడి అలవాటు. నేను సరేనని చెయ్యెత్తేదాకా కదిలేవాడు కాదు.

అమ్మ కూడా అటే చూస్తోంది. "నిన్నే అడుగుతుండు బిడ్డా. చెయ్యెత్తు. ఇగ ఆయన్ని పోనియ్యి" అంది.

అక్కడ చూసుకోవడానికి మగ్గాలు లేవు. నా పక్కన అమ్మ ఉంది. చెయ్యెత్తాను. ఆ మనిషి గోడ దిగి లోపలికి వెళ్ళిపోయాడు.

రేవు దగ్గర పడవ నడిపే అతన్ని అడిగితే, కరోనా మొదలైనప్పటి నుంచి అటు పడవలు బంద్, అక్కడ ఎవరూ ఉండరన్నాడు. పనివాడెవడో ఎండకు నెత్తి తుడుచుకున్నాడని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. మరి ఏనాడూ కార్ఖానా గడప తొక్కని అమ్మకు ఆ సైగ ఎలా తెలిసింది? అడిగితే "ఏమో, తెల్వదు" అంది. నాకూ తెలియదు.

ఆ సాయంత్రం నాగోవా బీచ్‌లో అమ్మ తనే పుస్తెలు తీసి నా చేతిలో పెట్టింది. ఆకలవుతోందంది. ఎన్నో నెలల తర్వాత కడుపునిండా తింది.

ఆమె తింటుంటే నాకు ఏడుపు ఆగలేదు. నేను చెయ్యెత్తకపోతే నాన్న ఇంకాసేపు అక్కడే నిలబడేవాడు కదా.